'సింట్‌ఫ్లూట్' : ఒక జర్మను సమాసపదము నిరుక్తి

సమాసపదముల విషయమున నిరుక్తకారునకు ఒక ప్రత్యేకమైన ప్రమాదము పొంచియుండును. కేవలము రూఢమైన పదము తన పుట్టుకను దాచుకొనును గనుక దానిని వెదకవలెనను బుద్ధి మనకు కలుగును. సమాసమో, తన పుట్టుకను తానే చెప్పుచున్నట్లు కన్పట్టును. పదమును రెండుగా విడదీసి, రెండింటికిని అర్థము చెప్పి, పని ముగిసినదని తృప్తి పడుదుము. అట్లు తేలిన అర్థము పదము పుట్టిననాడే దానియందున్నదా, లేక నడుమ వచ్చి చేరినదా అను ప్రశ్న మనకు తోచదు. ఈ ప్రశ్నను జర్మను భాషలోని ఒక్క పదముపై నిలిపి పరీక్షించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము. సమాసకల్పనమున సంస్కృతమువలె ఉదారమైనది జర్మను భాష. అందులోని పెక్కుపదములకు వేయి సంవత్సరముల లిఖితచరిత్ర కలదు. కావున మన భాషలో తేలికగా కానరాని కొన్ని మార్పులు అచ్చట శతాబ్దము వెంట శతాబ్దముగా కన్పట్టును.

బైబిలులోని ఆదికాండమున నోవహు కాలమున లోకమును ముంచిన జలప్రళయకథ కలదు. ఆ జలప్రళయమునకు జర్మను భాషలో నేడు ప్రసిద్ధమైన పేరు 'సింట్‌ఫ్లూట్'. (ఆదిసకారమును జర్మనులు పెక్కుచోట్ల జకారచ్ఛాయతో ఉచ్చరింతురు. వ్రాతను అనుసరించి ఇచ్చట సకారముతోనే చూపుచున్నాను.) ఉత్తరపదమైన 'ఫ్లూట్' విషయమున వివాదము లేదు. దానికి 'వెల్లువ' అని అర్థము. ఇంగ్లీషులోని 'ఫ్లడ్' దానికి తోబుట్టువు. సంస్కృతములోని 'ప్లు' ధాతువునకును దానికిని బంధుత్వము కలదు. చిక్కంతయు పూర్వపదమైన 'సింట్'లో ఉన్నది. నేటి జర్మను భాషలో 'సింట్' అను స్వతంత్రనామము లేదు. దానికి అర్థమేమని అడిగిన సామాన్యుడు చెప్పజాలడు.

అర్థము తెలియని పూర్వపదమును జనులు ఊరక విడువలేదు. జర్మను భాషలో పాపమునకు 'స్యుండె' అని పేరు. మానవుల పాపమువలన దేవుడు ఆగ్రహించి జలప్రళయమును పంపెనని కథ. కావున పదము 'స్యుండ్‌ఫ్లూట్' అయినది. అనగా 'పాపపు వెల్లువ', పాపకారణమున వచ్చిన ప్రళయము. అర్థము ఎంత చక్కగా కుదిరినదో చూడుడు! ఇంగ్లీషు చదివిన మన విద్యార్థికి ఈ వ్యుత్పత్తి మరింత సులభముగా తోచును. 'సిన్' అనగా పాపము గదా, ఇక సందేహమేమి అనును. శబ్దమును కలిసినది, అర్థమును కలిసినది, కథయు సాక్ష్యము చెప్పుచున్నది. అయినను ఈ వ్యుత్పత్తి అసత్యము.

ప్రాచీనోన్నత జర్మను భాషలో, అనగా సుమారు క్రీ. శ. 1000 నాటి వ్రాతలలో, ఈ పదము 'సిన్‌ఫ్లుఒట్' అని కన్పట్టుచున్నది. నాటి భాషలో పాపవాచకము 'సున్‌త'. ఒకదానియందు ఇకారము, మరియొకదానియందు ఉకారము. ఆనాడు ఈ రెండు పదములకును సంబంధము లేదు. 'సిన్' అనునది స్వతంత్రపదము కాదు. 'ఎడతెగని, అంతటను వ్యాపించిన, మహత్తరమైన' అను అర్థములనిచ్చు పూర్వావయవము. పురాతన జర్మానిక్ భాషలలో దీనికి సాక్ష్యములు కలవు. 'సిన్‌గ్ర్యూన్' అను జర్మను పేరు గల మొక్క ఒకటి కలదు. ఆకు రాల్చక ఎల్లకాలము పచ్చగానుండుటచేత దానికా పేరు వచ్చినది. 'గ్ర్యూన్' అనగా పచ్చనిది. గాతిక్ భాషలో 'అనుదినము జరుగునది' అను అర్థమున 'సిన్‌తీన్స్' అను పదము కలదు. అందలి ఉత్తరభాగమును మన 'దినము'తో బంధుత్వము గలదిగా నిరుక్తకారులు గ్రహించిరి. లాటినులో 'ఎల్లప్పుడు' అను అర్థము గల 'సెంపెర్' పదముతో ఈ 'సిన్'ను కలిపి చూచుట కలదు. కాగా 'సిన్‌ఫ్లుఒట్' అనగా 'మహాప్లావనము', 'సర్వత్ర వ్యాపించిన వెల్లువ'. అందు పాపపుణ్యముల ప్రసక్తి లేదు. నడుమనున్న టకారము ఏ పదమునకును చెందినది కాదు. నకారమునుండి ఫకారమునకు నాలుక మరలునప్పుడు పుట్టిన ఆగమధ్వని మాత్రమే.

ఇచ్చట నా మనస్సున మెదలిన ఒక శంకను దాచుకొనను. జలప్రళయార్థమున సంస్కృతమున 'సంప్లవ' శబ్దము కలదు. 'సిన్'కు 'సమ్', 'ఫ్లుఒట్'కు 'ప్లవ' అని జత కుదిర్చి, రెండును ఒకే పూర్వపదమునుండి వచ్చినవనుటకు ఎంతటి ఆకర్షణ! కాని ఈ రెండు సమాసములును వేర్వేరు భాషలలో, వేర్వేరు కాలములలో, వేర్వేరుగా కట్టబడినవి. అంగములకు బంధుత్వమున్నంత మాత్రమున సమాసము వారసత్వముగా వచ్చినదనరాదు. 'పాపపు వెల్లువ' అనిన జర్మను సామాన్యుని పరిహసించుటకు ముందు, అదే బుద్ధి మనయందును పనిచేయుచున్నదని గుర్తించుట మంచిది.

ఈ మార్పు ఎట్లు సంభవించినది? మూడు కారణములు ఒకచోట కలిసినవి. మొదటిది, 'సిన్' అను పూర్వావయవము భాషలో మృతమగుట. సజీవమైన పదమును జనులు మరియొకటిగా భ్రమింపరు; మృతమైనదానికే కొత్తప్రాణము పోయుదురు. రెండవది ధ్వనిసంబంధమైనది. జర్మను మాండలికములు పెక్కింటిలో 'యు' వంటి ఓష్ఠ్యచ్ఛాయ గల అచ్చు ఓష్ఠ్యతను కోల్పోయి ఇకారముగా పలుకబడును. అట్టి ప్రాంతములలో 'స్యుండ్', 'సింట్' అను రెండును చెవికి ఒక్కటే. భేదము వ్రాతకు మాత్రమే పరిమితము. మూడవది అర్థసంబంధమైనది. ప్రళయకథను జనులు విన్నది దేవాలయమున, ప్రబోధకుని నోట, పాపశిక్షాప్రస్తావమున. చెవియు మనస్సును ఒకే దారి చూపగా, వ్రాయుచేయి ఆ దారినే పోయినది.

మన సమాసపరిభాషలో చెప్పవలెనన్నచో, మహత్త్వమును తెల్పు విశేషణముతో కూడిన కర్మధారయమువంటి సమాసము మధ్యమపదలోపిగా మారినది. 'పాపముచే కలిగిన వెల్లువ' అని విగ్రహము చెప్పవలసిన స్థితి వచ్చినది. వర్ణము ఒక్కటి మారగా విగ్రహవాక్యమే మారినది. సమాసమునకు నేడు చెప్పు విగ్రహవాక్యము నేటి వక్తల బోధనే తెల్పును. పుట్టుకను తెల్పునని నమ్మరాదు. వైయాకరణుని పనికిని నిరుక్తకారుని పనికిని ఇచ్చట భేదము స్పష్టమగుచున్నది.

ఈ పదము కథ అంతటితో ముగియలేదు. పదునారవ శతాబ్దమున మార్టిన్ లూథర్ తన బైబిలు అనువాదమున ఇకారము గల రూపమునే వాడెను. తరువాతి ముద్రణములలో 'స్యుండ్‌ఫ్లూట్' ప్రవేశించి చాలకాలము నిలిచినది. పందొమ్మిదవ శతాబ్దమున జర్మను భాషాచరిత్ర శాస్త్రముగా పరిణమించినది. గ్రిమ్ సోదరుల మహానిఘంటువు మొదటి భాగము 1852 లో వెలువడగా ఆ నిఘంటువు 1961 లో పూర్తియైనది. ఫ్రీడ్రిష్ క్లూగె నిరుక్తనిఘంటువు 1883 లో వచ్చినది. ఇట్టి కృషివలన ప్రాచీనరూపము వెలుగులోనికి వచ్చి, వ్రాతయందు 'సింట్‌ఫ్లూట్' తిరిగి స్థిరపడినది. పండితులు సత్యమును నిలిపిరి; కాని 'సిన్' మరల బ్రతుకలేదు. సరియైన రూపము వ్రాయువాడు దాని పూర్వపదమున కర్థము తెలియకయే వ్రాయుచున్నాడు. రూపమును పునరుద్ధరింపవచ్చును, బోధను పునరుద్ధరించుట సులభము కాదని ఈ పదము చెప్పుచున్నది.

ఇది ఒంటరి ఉదాహరణము కాదు. శ్మశానవాటికకు జర్మను భాషలో 'ఫ్రీట్‌హోఫ్' అని పేరు. 'ఫ్రీడె' శాంతి, 'హోఫ్' ప్రాంగణము. శాంతిప్రాంగణమని నేటి బోధ. మృతులకు అంతకంటె తగిన పేరేమున్నది? కాని ఈ పదము పూర్వము దేవాలయము ముందరి ఆవరణమును, రక్షితమైన ప్రాంగణమును తెల్పినది. అందలి పూర్వభాగము 'కాపాడు, ఆదరించు' అను అర్థము గల వేరొక పదమునకు చెందినది. దాని అచ్చు దీర్ఘమైన ఈకారము. మధ్యయుగముల జర్మను దీర్ఘ ఈకారము తరువాతి సాహిత్యభాషలో నియతముగా ఐకారమైనది: 'వీన్' అనునది 'వైన్' అయినది, 'మీన్' అనునది 'మైన్' అయినది. ఆ నియమము చొప్పున ఈ పదము 'ఫ్రైట్‌హోఫ్' కావలెను. బవేరియా, ఆస్ట్రియా మాండలికములలో సరిగా ఆ రూపమే కలదు! సాహిత్యభాషలో శాంతివాచకము వచ్చి నియమమునకు అడ్డుపడినది. మాండలికము సాక్షిగా నిలిచినది. మరింత పూర్వమునకు పోయినచో ఈ రెండు పదములును సంస్కృతమున 'ప్రియ' శబ్దమునకు మూలమైన ధాతుకుటుంబమునకే చెందును. అయినను దూరబంధువు దూరబంధువే; ఒకదానిని మరియొకటి యనరాదు.

నేలను త్రవ్వి మట్టిని గుట్టలుగా ఎగదోయు చిన్నజంతువు ఒకటి ఐరోపాలో కలదు. దాని జర్మను పేరు 'మౌల్‌వుర్ఫ్'. 'మౌల్' అనగా నోరు. 'వుర్ఫ్' అనగా విసరుట. నోటితో మట్టిని విసరునదని నేటి రూపము చెప్పుచున్నది. కాని ఆ జంతువు మట్టిని త్రవ్వునది ముందరి పాదములతో. ప్రాచీనరూపము 'మూవెర్ఫ్', 'మూ' అనగా గుట్ట, కుప్ప. ఆ మాట మరుగుపడగా మట్టి అను అర్థము గల 'మొల్ట' వచ్చి చేరి 'మొల్ట్‌వెర్ఫ్' అయినది. ఇంగ్లీషు మాండలికములలో 'మౌల్డ్‌వార్ప్' అను పేరు దీనికి తోడు. మట్టి అను ఆ మాటయు మరుగుపడగా నోరు వచ్చినది. ఒకే పదమునకు మూడు జన్మములు, మూడును అర్థవంతములే. అర్థవంతమగుటయే సత్యమునకు గుర్తు అయినచో, మూడింటిలో దేనిని స్వీకరింతుము?

అసలు సమాసమే కానిది సమాసమైన సందర్భములును కలవు. రెండు చెట్ల నడుమ కట్టు వలయుయ్యెలకు జర్మను పేరు 'హెంగెమట్టె'. 'హెంగెన్' వ్రేలాడుట, 'మట్టె' చాప, వ్రేలాడు చాప. కాని ఇది కరీబియన్ దీవులలోని టైనో జనుల 'హమాక' అను పదము. స్పానిషు భాష ద్వారా ఐరోపాకు వచ్చి, డచ్చివారి నోట 'హంగ్‌మట్' అయి, జర్మనుకు చేరినది. అట్లే ఒకవిధమైన యంత్రధనుస్సునకు 'ఆర్మ్‌బ్రుస్ట్' అని పేరు. విడదీసినచో 'చేయి, రొమ్ము' అని తేలును. నిజమునకు లాటినులోని 'అర్కుబల్లిస్త' మధ్యయుగమున రూపము మారి అట్లయినది. ఇట్టి పదములకు విగ్రహవాక్యము చెప్పుట, లేని తల్లిదండ్రులను కల్పించుటయే.

ఇట్టి మార్పులకు శాస్త్రమున నిలిచిన పేరు కూడ ఒక జర్మను సమాసమే: 'ఫోల్క్స్‌ఎతిమొలోగీ'. 1852 లో ఎర్న్‌స్ట్ ఫొర్స్టెమన్ అను పండితుడు, అదే సంవత్సరమున ఆరంభమైన తులనాత్మక భాషాపత్రికలో వ్రాసిన వ్యాసమున దీనిని ప్రయోగించెను. 'ఫోల్క్' జనము, 'ఎతిమొలోగీ' గ్రీకునుండి వచ్చిన నిరుక్తవాచకము, దాని మొదటిభాగమునకు 'సత్యము' అని అర్థము. ఇంగ్లీషువారు దీనిని 'ఫోక్ ఎటిమాలజీ' అని అనువదించుకొనిరి. ఈ పదము శాస్త్రమునకు చేసిన ఉపకారము గొప్పది. కాని ఇందలి పూర్వపదముపై నాకొక ఆక్షేపణ కలదు. 'జనము' అనగానే తప్పంతయు నిరక్షరులైన పామరులదను భావము కలుగుచున్నది. మనలో కొందరు 'జానపద నిరుక్తి' అని అనువదించుటచేత ఆ భావము మరింత గట్టిపడినది. ముద్రితగ్రంథములందు 'స్యుండ్‌ఫ్లూట్' అని వ్రాసినవారు పామరులు కారు, చదువుకొన్నవారే. మన వాఙ్మయమున ఈ విషయమునకు సాక్ష్యములు మరింత బలముగా కలవు.

'విధవ' శబ్దమును చూతము. లాటినులో 'విదువ', జర్మనులో 'విట్వె', ఇంగ్లీషులో 'విడో' దీనికి సోదరపదములు. వేరుపడుట, వెలితియగుట అను అర్థము గల ధాతువునుండి వచ్చిన అఖండశబ్దమిది. మన పూర్వులు దీనిని 'వి' ఉపసర్గముగను 'ధవ' నామముగను విడదీసిరి. యాస్కుడు నిరుక్తమున దీనికి చెప్పిన వ్యుత్పత్తులలో 'ధవ' అనగా మనుష్యుడు, వానితోడి వియోగమువలన 'విధవ' అనునది ఒకటి. ఆ విభాగమువలన 'ధవుడు' అను పదము భాషలో వెలసి, భర్తృవాచకమై కావ్యములకెక్కినది. అట్లే 'అసుర' శబ్దము 'అసు' శబ్దసంబంధి. ఇరానీయుల అవెస్తాలోని 'అహుర' దీనికి జంట. ఋగ్వేదమున ఇది వరుణాదిదేవతలకు గౌరవవిశేషణము. తరువాత దీనిని నఞ్ సమాసముగా భావించి 'సుర' అను దేవతావాచకమును వేరుచేసిరి. రామాయణమున క్షీరసాగరమథనకథలో సురను గ్రహించినవారు సురులు, గ్రహింపనివారు అసురులు అని చెప్పబడినది. జర్మనుపదమున పాతకథ కొత్తవ్యుత్పత్తిని పుట్టింపగా, ఇచ్చట కొత్తవిభాగము కథనే తోడు తెచ్చుకొన్నది. వీరిలో పామరులెవరు?

నా అపరాధమును కూడ చెప్పుకొనవలెను. 'మాధవ' శబ్దమునకు 'మా' అనగా లక్ష్మి, ఆమెకు 'ధవుడు' అని కొన్నేండ్లు తరగతిలో నేను ఇదొక్కటే వ్యుత్పత్తిగా బోధించితిని. 'మధు' శబ్దముపై తద్ధితప్రత్యయము చేరగా ఏర్పడినదని, మధువంశజుడని, వసంతసంబంధియని వేరొక మార్గమున్నదని ఎరిగియు చెప్పలేదు. చెప్పిన అర్థము భక్తికిని కావ్యరసమునకును చక్కగా కుదిరినది, విద్యార్థులు సంతోషించిరి. ఒకనాడు 'ధవ' శబ్దము పుట్టుపూర్వోత్తరములను చదివినప్పుడు, ఒక భ్రాంతవిభాగమువలన వెలసిన పదముతో మరియొక పదమును విభజించుచున్నానని తెలిసినది. ఆ తరగతులు మరల రావు. ఈ వ్యాసమునకు అదియే మూలకారణము.

మన భాష పేరు విషయమునను ఇట్టి స్థితియే కలదు. శ్రీశైలము, కాళేశ్వరము, దాక్షారామము అను మూడు శైవక్షేత్రముల నడుమ దేశము 'త్రిలింగము' అనియు, దానినుండి 'తెలుగు' వచ్చినదనియు ప్రసిద్ధి. కాకతీయుల ఆస్థానమున విద్యానాథుడు ప్రతాపరుద్రీయమున ఈ త్రిలింగభావమునకు కావ్యగౌరవము కల్పించెను. 'తెలుంగు' వంటి దేశ్యరూపమును సంస్కృతీకరించి 'త్రిలింగ' చేసిరని పెక్కుమంది భాషావేత్తల అభిప్రాయము. 'తెన్' అనగా దక్షిణము అను పదమునుండి 'తెనుగు'ను సాధించినవారును కలరు. ఇచ్చట తీర్పు చెప్పుట నా పని కాదు. మూడు క్షేత్రములు నిజముగా ఉన్నవి గనుక వ్యుత్పత్తియు నిజమే అను వాదమును మాత్రము అంగీకరింపరాదు. ప్రళయకథలో పాపము నిజముగా ఉన్నది. అయినను పదమున లేదు.

కావున ఇట్టి మార్పులను 'లోకనిరుక్తి' అనుట యుక్తమని నా మతము. లోకమున పండితులును కలరు, పామరులును కలరు.

ఇంతకును లోకనిరుక్తి తప్పేనా? పుట్టుకను గూర్చిన వాక్యముగా అది తప్పు. పదచరిత్రలో ఒక సంఘటనముగా అది సత్యము. ఒకప్పుడు జర్మనులు ప్రళయమును పాపపు వెల్లువగానే విని, అట్లే తలచి, అట్లే వ్రాసిరి. ఆ చరిత్రను కొట్టివేయు నిరుక్తకారుడు సగము సత్యమే చెప్పినవాడగును. 'మాధవ'కు లక్ష్మీపతియను అర్థము కవుల ప్రయోగములలో సజీవముగా ఉన్నది. ఆ పద్యములకు వ్యాఖ్య వ్రాయువాడు దానిని విడువరాదు. చేయవలసినదెల్ల, ఏది పుట్టుక, ఏది పెంపకము అని వేరుపరచి చెప్పుట. ఈ రెండింటిని కలిపివేయుటయే మన పరిశోధనవ్యాసములలో నాకు తరచుగా కన్పట్టు దోషము. పద్యమునకు వ్యాఖ్యాత చెప్పిన వ్యుత్పత్తిని శబ్దచరిత్రకు ప్రమాణముగా ఉదాహరించుట, శబ్దచరిత్రను చూపి వ్యాఖ్యాతను నిందించుట, రెండును ఈ దోషమునకు రెండు ముఖములే.

మనకు సాధనములు లేవా? కలవు. జర్మనుపదములు నేర్పినవి మూడు: ప్రాచీనతమరూపమును చూడుము, ధ్వనినియమమును పాటింపుము, సోదరభాషలను, మాండలికములను అడుగుము. అర్థము కుదురుటను చివర చూడుము. 'వెన్న' అను మాటను తీసికొందము. నేడు దానిని సమాసమని ఎవరును తలపరు. తమిళమున 'వెణ్ణెయ్' ఉన్నది. తెలుపును తెల్పు 'వెల్', స్నేహద్రవ్యమును తెల్పు 'నెయ్' అందు స్పష్టములు. 'నూనె'లో నువ్వులును నెయ్యియు దాగియున్నవి. తమిళమున 'ఎళ్', 'నెయ్' కలిసి 'ఎణ్ణెయ్' అయినది. నువ్వులమాట మరుగుపడుటచేతనే మనము 'కొబ్బరినూనె' యనుచు విరోధము తోపకుండ మాటలాడుచున్నాము. సమాసము కాదని తోచినది సమాసము కావచ్చును; సమాసమని తోచినది కాకపోవచ్చును. మనకు ఆరవ శతాబ్దమునుండి శాసనములున్నవి, బరో, ఎమెనో పండితుల ద్రావిడ నిరుక్తనిఘంటువు 1961 లోను, దాని రెండవ కూర్పు 1984 లోను వెలువడినవి, జిల్లాజిల్లాకు మాండలికములున్నవి. 'ఫ్రైట్‌హోఫ్'ను నిలిపినది మారుమూల పల్లెవాని నోరే యని మరువరాదు. మన పల్లెలలో గ్రామ్యమని మనము దిద్దుచున్న రూపములలో ఎన్ని సాక్ష్యములు మౌనముగా పోవుచున్నవో!

పదమును విడదీయుట సులభము. విడదీసినచోట అతుకు నిజముగా ఉన్నదో లేదో చూచుట కష్టము. పరిశోధకుని పని ఆ రెండవది. విద్యార్థి ఒక సమాసమునకు చక్కని అర్థము చెప్పినప్పుడు మెచ్చుకొందము. వెంటనే, ఈ రూపము మొట్టమొదట ఎచ్చట కన్పట్టుచున్నది అని అడుగుదము. ఆ ప్రశ్నను మొదట మనలను మనమే అడిగికొనవలెను.